మంచు నేలా, రాలుటాకుల నేలా: పల్ప్ హారర్ ఆటల ట్రాపర్ బొమ్మలకు రంగుల ఎంపిక

పాత చవక పత్రికల భయానక కథల తరహాలో, బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడే పల్ప్ హారర్ ఆటల్లోని మిగతా పాత్రలకు రంగు వేయడం ఒక ఎత్తు, ట్రాపర్‌కు వేయడం ఒక ఎత్తు. ప్రొఫెసర్‌కు నల్ల కోటు, తెల్ల చొక్కా ఉంటాయి, గాయనికి మెరిసే గౌను ఉంటుంది, డిటెక్టివ్‌కు టోపీ, టై ఉంటాయి; ఒక భాగం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో రంగే చెప్పేస్తుంది. బోన్లు, ఉచ్చులు పెట్టి బొచ్చు జంతువులను పట్టి బతికే ఈ అడవి మనిషికి మాత్రం తోలు చొక్కా, తోలు ప్యాంటు, బొచ్చు టోపీ, బొచ్చు కాలరు, చెక్కతో చేసిన తుపాకీ మడమ, తోలు సంచి, చివరికి గడ్డం కూడా గోధుమరంగే. నేను మొదటిసారి ఐదుగురు ట్రాపర్ల జట్టుకు రంగు వేసినప్పుడు ఒక్కొక్కరినీ చేతిలోకి తీసుకుని చూస్తే ముచ్చటగానే ఉన్నారు. బల్ల మీద నిలబెట్టి రెండడుగులు వెనక్కి జరిగి చూస్తే ఐదు మట్టిముద్దలు కనిపించాయి. బ్రష్ పనిలో పెద్ద లోపమేమీ లేదు. రంగు సీసా మూత తీయకముందే తేల్చుకోవలసినవి కొన్ని తేల్చుకోకపోవడమే లోపం.

అందువల్ల ఇక్కడ పోల్చబోయే ప్రతి ఎంపికనూ ఒకే గీటురాయి మీద చూస్తాను. ఆ ఎంపిక వల్ల ఒక గోధుమరంగు పక్కనున్న మరో గోధుమరంగు నుంచి విడివడి కనిపిస్తుందా, లేదా? ఏ పద్ధతి గొప్పదన్న వాదన ఆ తర్వాతే.

నేలను ముందు తేల్చుకోవాలి

చాలామంది బొమ్మకు రంగంతా వేసిన తర్వాత బేస్ (బొమ్మ నిలబడే చిన్న బిళ్ల) సంగతి ఆలోచిస్తారు. ట్రాపర్ విషయంలో ఆ వరుసను తిరగెయ్యాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆట బల్లను మనం పైనుంచి చూస్తాం కాబట్టి సుమారు 28 మి.మీ. ఎత్తుండే బొమ్మకు వెనుక తెరగా నిలిచేది చాలావరకు దాని బేసే. నేల తెల్లగా ఉంటే ఏ గోధుమరంగైనా దాని మీద తేలి కనిపిస్తుంది. నేల గోధుమగా ఉంటే అదే రంగు అందులోకి ఇంకిపోయినట్టు ఉంటుంది.

మంచు బేస్‌కు అన్నింటికంటే పెద్ద బలం ఇదే. పైగా కథకూ అది నప్పుతుంది, ఎందుకంటే చుట్టూ తెల్లదనం పరుచుకున్నచోట ఒంటరిగా నిలబడిన మనిషిని చూస్తేనే సగం భయం పుడుతుంది. అయితే చిక్కులు లేకపోలేదు. మంచులో నిలబడిన బొమ్మను పచ్చగడ్డి పరిచిన బల్ల మీదికో, నగర వీధి నమూనా మీదికో తెస్తే దారి తప్పి వచ్చినట్టుంటుంది, పల్ప్ ఆటల్లోనేమో ఒకే జట్టు ఈ వారం అడవిలో, వచ్చే వారం శిథిలాల్లో తిరగడం మామూలే. మంచు కోసం బేకింగ్ సోడాను తెల్ల జిగురుతో కలిపి వేసే అలవాటు కూడా ఉంది. వేసిన రోజు అచ్చం మంచులాగే ఉంటుంది గానీ, కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. దానికంటే బొమ్మల పని కోసమే అమ్మే సన్నని గాజుపొడి తరహా మంచు మన్నుతుంది, కాకపోతే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్కు పెట్టుకునే పని చేయాలి. ఏది వాడినా దాని కింద నేలకు ముందుగా పలుచని నీలి బూడిద రంగు వేసి పెట్టండి. మంచు పలుచబడినచోట ఆ నీలం నీడలా కనిపించి, పైనున్న తోలు రంగుకు వెచ్చదనం తెచ్చిపెడుతుంది.

రాలుటాకుల బేస్ దీనికి సరిగ్గా విరుద్ధం. అది ఏ బల్ల మీదైనా ఇమిడిపోతుంది, చేయడం కూడా సులువే. బర్చ్ చెట్టు విత్తనాల గుత్తిని నలిపితే రాలే చిన్న పొలుసులు ఈ పరిమాణానికి సరిపోయే ఆకుల్లాగే ఉంటాయి, ఆ రహస్యం బొమ్మల పనివాళ్లందరికీ తెలిసిందే. కానీ ఈ బేస్ ఎంచుకున్న మరుక్షణం మీరు ఒక షరతుకు ఒప్పుకున్నట్టే. దుస్తుల్లో ఒక పెద్ద భాగమైనా బాగా లేతగానో, గాఢమైన వేరే రంగులోనో ఉండి తీరాలి, లేదా నేల మట్టిని నలుపు బూడిదల వైపు చల్లబరచాలి. రెండూ చేయకపోతే నా మొదటి జట్టుకు పట్టిన గతే.

నిత్యం రకరకాల బల్లల మీద ఆడేవారికి నా సలహా మూడోది. కరుగుతున్న మంచు, అంటే తడిసి నల్లబడిన నేల మీద అక్కడక్కడ మిగిలిన తెల్లని మచ్చలు. ఆ మచ్చలను ఎక్కడ పడితే అక్కడ వేయకుండా, ముదురు ప్యాంటు లేదా బూట్ల చుట్టూ పడేలా చూసుకోండి. లేత రంగు వేసే కాలు ఉంటే అక్కడ తడి నేలను వదిలేయండి.

ఏ కాలపు ట్రాపర్?

ట్రాపర్ పేరుతో దొరికే బొమ్మలు దాదాపుగా రెండు కాలాలకు చెందినవి. ఒకటి అమెరికాలోని రాకీ పర్వతాల్లో బీవర్ (దళసరి బొచ్చున్న నీటి జంతువు) వేట కాలం. ఏటేటా వేసవిలో వేటగాళ్లు, వర్తకులు కలిసి బొచ్చులు మార్చుకునే పెద్ద కూడిక 1825లో మొదలై 1840తో ఆగిపోయింది. బీవర్ ఉన్నితో చేసే టోపీల మోజు తగ్గి పట్టు టోపీలు రావడం, బీవర్లే తరిగిపోవడం అందుకు ముఖ్య కారణాలు. ఈ మనిషికి కుచ్చులు వేలాడే జింకతోలు దుస్తులు, తుపాకీ మందు నింపుకునే కొమ్ము, సెయింట్ లూయిస్‌లో తయారైన హాకెన్ తరహా ఒంటి గుండు తుపాకీ ఉంటాయి. రెండోది 1920, 30ల నాటి, ఉత్తర అమెరికా ఉత్తరపు అడవుల మనిషి. దళసరి ఉన్నితో కుట్టిన మాకినా కోటు, చెవులు కప్పే టోపీ, మంచులో కూరుకుపోకుండా కాళ్లకు కట్టుకునే చట్రాలు, చేతిలో 1894 నమూనా విన్‌చెస్టర్ లీవర్ తుపాకీ.

పల్ప్ ఆటలు ఎక్కువగా రెండు ప్రపంచ యుద్ధాల నడుమ కాలంలో నడుస్తాయి కనుక చరిత్ర ప్రకారం రెండోవాడే సరైనవాడు. రంగుల దృష్టితో చూసినా మొదలుపెట్టేవారికి అతడే మేలు, ఎందుకంటే అద్దకం వేసిన ఉన్ని వల్ల ఎరుపు, నలుపు, ముదురు ఆకుపచ్చ న్యాయంగా బొమ్మ మీదికి వస్తాయి. మొదటివాడిని దెయ్యంగానో, కాలం దారి తప్పిన మనిషిగానో ఆటలోకి దింపవచ్చు. అప్పుడు తలకట్టు నుంచి చెప్పుల దాకా తోలే కాబట్టి, పని కష్టం, ఫలితం గొప్ప. ఇద్దరికీ చెల్లే వస్త్రం ఒకటి ఉంది. 1670లో బొచ్చుల వ్యాపారానికి ఏర్పడిన హడ్సన్స్ బే కంపెనీ పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి అమ్మిన గీతల దుప్పటి, దాన్ని కత్తిరించి కుట్టుకునే ముసుగు కోటు. దంతపు తెలుపు మీద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలిమందు రంగు గీతలు. పది గోధుమరంగుల మధ్య ఈ ఒక్క కోటు ఉంటే చాలు, చూపు అక్కడ ఆగుతుంది. ఏమీ తోచకపోతే కోటు ఉన్న బొమ్మనే ఎంచుకోండి.

ఆ గీతలను సన్నగా గీయడానికి ప్రయత్నించి చెయ్యి వణికించుకోవద్దు. ముందు కాస్త మందంగానే వేసి, ఆరాక అటూ ఇటూ కోటు అసలు రంగుతో కోసుకుంటూ వస్తే గీత దానంతటదే సన్నబడుతుంది. మాకినా గళ్లకు కూడా ఇలాంటి ఉపాయమే ఉంది. కోటంతా ఎరుపు వేయాలి. అదే ఎరుపులో కొంచెం నలుపు కలిపి నిలువు పట్టీలు, అవి ఆరాక అడ్డ పట్టీలు వేయాలి. రెండు పట్టీలు కలిసేచోట మాత్రమే నల్లని చదరం చుక్కలా పెట్టాలి. పట్టీ వెడల్పు, మధ్య వదిలిన ఎరుపు వెడల్పు సమానంగా ఉండాలి. కోటు మడతల వెంబడి పట్టీ వంగాలి, మడతను లెక్కచేయకుండా సాగిన పట్టీ కోటు మీద అంటించిన కాగితంలా ఉంటుంది. గళ్లు ఎంత పెద్దవైతే బల్ల మీద అంత బాగా తెలుస్తాయి. వీపు మీద అడ్డంగా మూడు లేదా నాలుగు గళ్లు చాలు.

గోధుమరంగుల తగాదా

గోధుమ అన్న ఒక్క మాట కింద ఎన్నో రంగులను కుక్కేస్తాం గానీ, ముక్కుపొడి రంగు వేరు, కావి వేరు, ఎండుగడ్డి రంగు వేరు. పక్కపక్కన ఉండే రెండు భాగాలను విడదీయడానికి మన చేతిలో మూడు పనిముట్లు ఉన్నాయి. ఒకటి లేతా ముదురూ తేడా, రెండోది వెచ్చన చల్లన తేడా (ఎరుపు, పసుపు వైపు మొగ్గితే వెచ్చన, నీలం, బూడిద వైపు మొగ్గితే చల్లన), మూడోది మెరుపు తేడా. మొదటిదే అన్నింటికంటే బలమైనది. పొగబెట్టి పదునుపెట్టిన జింకతోలుకు ఎండుగడ్డి రంగు సరిపోతుంది; వాడుకలో జిడ్డు పట్టి మోకాళ్లు, ముంజేతులు, తొడల పైభాగం దాదాపు నల్లబడతాయి, కాబట్టి అక్కడ ముదురు చేయడం తప్పు కాదు, నిజమే. బీవర్ బొచ్చుకు ఎరుపు తిరిగిన ముదురు గోధుమ. తోడేలు బొచ్చు అసలు గోధుమే కాదు. చివర నల్లబడిన బూడిద వెంట్రుకలు, కడుపు దగ్గర మీగడ రంగు. తోలు చొక్కా మీద తోడేలు కాలరు పెడితే వెచ్చన చల్లన తేడా మన ప్రయత్నం లేకుండానే వచ్చేస్తుంది. తుపాకీ మడమను కావి వైపు నెట్టండి, సంచీని నలుపు వైపు నెట్టండి. నక్క తోక వేలాడుతుంటే దాని కొన తెల్లగా వదలండి. ఆ ఒక్క తెల్లని చుక్క ఐదుగురిలో ఒకరిని గుర్తుపట్టడానికి ఎంతో ఉపయోగపడుతుంది.

మూల రంగులు వేయగానే, ఇంకా నీడలు, వెలుగులు వేయకముందే, బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. కాలరు, చొక్కా ఒకే బూడిదలో కలిసిపోతే ఆ రెండింటిలో ఒకటి అప్పుడే మార్చాలి. తర్వాత ఎన్ని పొరలు వేసినా ఆ తప్పు పోదు.

ఇక పద్ధతులు. మొదటిది అందరికీ తెలిసిన పాతది. మూల రంగు వేసి, పలుచని ముదురు వాష్ (సందుల్లోకి పారి నీడనిచ్చే నీళ్ల రంగు) పట్టించి, పైన డ్రైబ్రష్‌తో వెలుగు తేవడం. బొచ్చు విషయంలో దీన్ని మించినది లేదని ఇప్పటికీ అనుకుంటాను, అయితే డ్రైబ్రష్ నిజంగా పొడిగా ఉన్నప్పుడే. రంగు ముంచిన బ్రష్‌ను అట్టముక్క మీద తుడుస్తూ పోయి, బొటనవేలి గోటి మీద రాస్తే గీత కాకుండా దుమ్ములాంటి మరక మాత్రమే పడేదాకా ఆగాలి. అప్పుడు బొచ్చు వాలిన దిశకు అడ్డంగా, బరువు వేయకుండా అటూ ఇటూ ఆడిస్తే వెంట్రుకల కొనలు ఒక్కొక్కటిగా తేలతాయి. వెంట్రుకల వెంబడే రాస్తే రంగు సందుల్లోకి దిగి, అంతవరకూ చేసిన నీడ మాసిపోతుంది. మూడు సార్లు రాయండి. ప్రతిసారీ రంగు మరింత లేతగా, రాసే చోటు మరింత చిన్నదిగా ఉండాలి.

రెండోది కాంట్రాస్ట్ తరహా రంగులు. 2019లో సిటడెల్ బ్రాండు వారి కాంట్రాస్ట్ రంగులు వచ్చాక ఈ తరహా బాగా విస్తరించింది. లేత ప్రైమర్ (రంగు పట్టడానికి అన్నింటికంటే ముందు వేసే పూత) మీద ఒక్క పూత వేస్తే ఎత్తుల మీద పలుచగా, సందుల్లో చిక్కగా పేరుకుని నీడా వెలుగూ ఒకేసారి ఇస్తుంది. నల్ల ప్రైమర్ మీద ముందు బూడిద, ఆ పైన తెలుపు డ్రైబ్రష్ చేసి, దాని మీద ఈ రంగు వేస్తే ఇంకా లోతుగా ఉంటుంది. బొచ్చు, గడ్డం, తోలు కుచ్చులు వంటి గరుకు భాగాల మీద ఇది అద్భుతం. నున్నటి కోటు వీపు మీద మాత్రం రంగు మధ్యలో మడుగు కట్టి, ఆరిన తర్వాత అంచు మరక మిగులుతుంది. ఇంకో సంగతి కూడా స్వానుభవంతో చెప్పాలి. ఇలాంటి రంగుల్లో కొన్ని ఆరిన తర్వాత కూడా తడి తగిలితే మళ్లీ కరుగుతాయి. ఒకసారి తేనె రంగు కోటు మీద దంతపు తెలుపు గీతలు వేస్తుంటే, అడుగు రంగు పైకి ఊరి ప్రతి గీతా పసుపుగా మారింది. రెండోసారి వేసినా అంతే. ఆ సీసా రంగు వాడదలచుకుంటే మధ్యలో ఒక పూత వార్నిష్ వేసి ఆరనిచ్చి, ఆ తర్వాతే పైపని చేయాలని అప్పుడు నేర్చుకున్నాను. అందుకే కొత్త సీసా కొన్నప్పుడు ముందు పనికిరాని ప్లాస్టిక్ ముక్క మీద వేసి, మర్నాడు తడి బ్రష్‌తో రుద్ది చూస్తాను.

మూడోది ఆయిల్ వాష్. అక్రిలిక్‌తో మూల రంగులు వేసి, మెరుపు వార్నిష్ పూసి, ఒక రోజు ఆగి, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ ఆయిల్ రంగును మినరల్ స్పిరిట్‌తో పలుచన చేసి బొమ్మంతా పట్టించడం, అరగంట ఆగి మేకప్ స్పాంజితో ఎత్తులను తుడిచేయడం. జిడ్డు పట్టి, పొగచూరి, ఏళ్ల తరబడి ఒంటిమీదే ఉన్న తోలు రంగు దీనితో వచ్చినంత సహజంగా మరో దానితో రాదు. తుడవడం కూడా పై నుంచి కిందికి చేస్తే వాన కడిగిన జాడలు వస్తాయి. దీనికి కావలసింది ఓపిక, గాలి ఆడే గది. ఆరడానికి రోజులు పడుతుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. ఒకే అంబర్ అన్ని భాగాల మీదా పడుతుంది కనుక అంత కష్టపడి విడదీసిన గోధుమరంగులను ఇది మళ్లీ దగ్గర చేస్తుంది. తోడేలు బొచ్చుకు, దుప్పటి కోటుకు అంబర్ బదులు నల్ల బూడిద వాష్ విడిగా వేయడం మేలు.

తొందరగా ఆటకు దింపవలసిన నలుగురైదుగురి జట్టయితే గరుకు భాగాలకు కాంట్రాస్ట్, కోట్లకు మామూలు అక్రిలిక్ అన్న పొత్తు సరిపోతుంది. జట్టు నాయకుడికో, అద్దాల బీరువాలో పెట్టే బొమ్మకో అయితే డ్రైబ్రష్ చేసిన బొచ్చు, ఆయిల్ వాష్ పట్టిన తోలు ఎంచుకుంటాను. ప్రైమర్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: కాంట్రాస్ట్‌కు తెలుపు లేదా లేత బూడిద, మిగతా రెండింటికీ నలుపు లేదా ముదురు బూడిద. ట్రాపర్ కదా అని గోధుమ ప్రైమర్ కొనాలనిపిస్తుంది. పని తగ్గినట్టే ఉంటుంది గానీ, ప్రతి సందులోనూ ఒకే గోధుమ మిగిలిపోయి భాగాలను అతికిస్తుంది. ఆ ఆశకు లొంగకండి.

బొమ్మ ఏ పదార్థంతో చేసినదన్నది కొంత తేడా చూపుతుంది. లోహపు బొమ్మల మీద బొచ్చు గాడులు లోతుగా ఉంటాయి కనుక డ్రైబ్రష్‌కు చాలా అనువు. ఇంటి ప్రింటర్లో తీసిన రెజిన్ బొమ్మల మీద గీత ఎంతో సన్నంగా ఉంటుంది, మందపు ప్రైమర్ ఒక్క చిమ్ముతో దాన్ని పూడ్చేస్తుంది. పొరలుగల ముద్రణ గీతలు కోటు వీపు మీద మిగిలితే డ్రైబ్రష్ వాటినే ఎత్తి చూపుతుంది, కాబట్టి అక్కడ పలుచని పొరలే గతి. పోత రెజిన్‌ను సబ్బు నీళ్లతో కడగకుండా ఏ రంగూ వేయకండి. రెజిన్‌ను అరగదీసేటప్పుడు తడిపి అరగదీయండి.

బోను, లాంతరు, వార్నిష్

నడుముకో, భుజానికో వేలాడే ఇనుప బోనుకు వెండి రంగు వేయాలనిపించడం సహజం. వేటగాళ్లు కొత్త బోన్లను చెట్టు బెరడు వేసిన నీళ్లలో మరిగించి నల్లబరుస్తారు, మనిషి వాసన, తుప్పు రెండూ అంటకుండా ఆ పైన మైనం పట్టిస్తారు. కనుక నీలం తిరిగిన నలుపు వేసి, దవడల అంచుల మీద, గొలుసు కొక్కేల మీద మాత్రమే సీసపు పెన్సిల్ మొనతో రుద్దండి. ఆ గ్రాఫైట్ మెరుపు ఏ లోహపు రంగుకూ తీసిపోదు. బోను ఆకారం కూడా చూసుకోండి. 1920ల బల్ల మీద రెండు దవడలు, స్ప్రింగు ఉన్న కాలిబోను సరైనది. జంతువు మెడను నొక్కే చదరపు తీగ చట్రాలు 1950ల చివర గానీ వాడుకలోకి రాలేదు. చట్రానికి బిగించి ఆరబెట్టిన బీవర్ తోలును బేస్ మీద పెట్టదలచుకుంటే గోధుమ వేయవద్దు. ఆరబెట్టేటప్పుడు పైకి కనిపించేది లోపలి చర్మం, దానిది మీగడ రంగు.

చేతిలో లాంతరు ఉన్న బొమ్మకు దాని వెలుగు ముఖం మీద, కోటు మీద పడినట్టు రంగు వేయాలా, వద్దా అన్నది మరో ఎంపిక. అద్దాల బీరువా కోసమైతే తప్పకుండా వేయండి. ఆట కోసమైతే వద్దంటాను, ఎందుకంటే పక్కన నిలబడ్డవాడి ముఖం మీద పట్టపగలు, ఇతడి ముఖం మీద అర్ధరాత్రి ఉంటే ఇద్దరూ ఒకే కథలోని మనుషుల్లా ఉండరు. దాని బదులు ముక్కు కొనకు, చెంపలకు, వేళ్ల కణుపులకు కొంచెం ఎరుపు పలుచగా అద్దండి. చలి, భయం రెండూ ఆ ఎరుపులోనే తెలుస్తాయి.

చివరికి మెరుపు తేడా అన్న మూడో పనిముట్టు మిగిలింది. మొత్తానికి మెరుపు లేని వార్నిష్ వేసి, ఆరాక బూట్లు, సంచి, జిడ్డు పట్టిన ముంజేతుల మీద బ్రష్‌తో సగం మెరుపు వార్నిష్ పూస్తే ఉన్ని ఉన్నిలా, తోలు తోలులా విడిపోతాయి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు డబ్బా స్ప్రే జోలికి పోకండి, తెల్లని పొగలాంటి పొర పట్టి బొచ్చు నీడలన్నీ పోతాయి. మంచు పొడిని మాత్రం ఈ వార్నిష్ పనంతా అయ్యాకే వేయాలి. ముందే వేస్తే మెరుపు లేని పూత దాని మీద పడి, మంచు కాస్తా సున్నపు పొడిలా తయారవుతుంది.